పదింతల స్కోపు ఎందుకురా చిన్నా?

చిరంజీవి చిన్నాకి,

గ్రీన్ కార్డు చేతికి రాగానే అబ్బాయి తుపాకులు కొనడం మొదలుపెట్టాడని మీ అమ్మ ఫోన్లో వాపోయింది. త్రీ-గన్ అంటే షూటింగ్ ఆటేనమ్మా, కాకపోతే కాస్త చప్పుడెక్కువ అని ఈ పెదనాన్న సర్దిచెప్పాడు. ఆవిడ నమ్మినట్టు లేదు. హెచ్-1బి మీద ఉన్నన్నాళ్లూ ఆగావు చూడు, అది మాత్రం బుద్ధిమంతుడి పని. తాత్కాలిక వీసాల మీద ఉన్నవాళ్ల దగ్గర తుపాకీ ఉండకూడదన్నది అమెరికా ఫెడరల్ చట్టం. వేట లైసెన్సులాంటి మినహాయింపులు కొన్నే ఉన్నాయి. అది కనుక్కోకుండా దుకాణానికి వెళ్లేవాళ్లు ఇమిగ్రేషన్ ఫైలుకే చిల్లు పెట్టుకుంటారు.

ఇక నువ్వడిగిన సంగతి. ఒకటి నుంచి ఆరింతల దాకా పెంచి చూపే 1-6 స్కోపు కొనాలా, 1-8 కొనాలా, స్నేహితులంతా మెచ్చుకుంటున్న 1-10 కొనాలా? ప్రశ్నలో మూడుసార్లు 1 వచ్చింది, దాని గురించి మాత్రం ఒక్క ముక్కా లేదు. త్రీ-గన్‌లో సెకన్లు కలిసొచ్చేదీ, చేజారేదీ ఎక్కువగా ఆ 1 దగ్గరే.

1980ల మొదట్లో సోల్జర్ ఆఫ్ ఫార్చూన్ పత్రిక పోటీలు పెట్టిన నాటి నుంచీ ఈ ఆట మూలసూత్రం మారలేదు: రైఫిల్, పిస్టల్, షాట్‌గన్, ఒక టైమర్. బజర్ మోగితే పరుగు. అట్ట టార్గెట్లు అయిదు గజాల నుంచి పాతిక గజాల్లో ఉంటాయి, కొన్ని గోడల వెనక సగం దాక్కుంటాయి. చాలా పోటీల్లో ఒక్కోదానికి రెండు తూటాలు తగిలితే సరి, నడుమ ఏ-జోన్‌లో అయితే ఒక్కటి చాలు. ఆ తర్వాత ఎక్కడో ఒక స్టేజీలో 200, 300 గజాల దూరాన తెల్ల రంగు వేసిన ఇనుప పలకలు నాలుగైదు. లోకల్ క్లబ్ మ్యాచ్‌లో రైఫిల్ పేల్చే తూటాల్లో ఎక్కువ భాగం ఏబై గజాల లోపే అయిపోతాయి. డబ్బు మాత్రం అందరూ 300 గజాల పలక కోసమే ఖర్చుపెడతారు.

ఒక లెక్క వేసి చూడు. వోర్టెక్స్ రేజర్ జెన్-2, 1-6 స్కోపుని కంపెనీ కాగితం ప్రకారం 1 మీద పెడితే 100 గజాల దగ్గర 115 అడుగుల వెడల్పు కనిపిస్తుంది. 6 మీద పెడితే ఇరవైన్నర అడుగులు. అదే కోణాన్ని ఏడు గజాలకు తెస్తే 1 మీద ఎనిమిదడుగులు, 6 మీద పదిహేడు అంగుళాలు. ఈ పోటీలకు నియమాలు రాసే అమెరికా సంఘం యు.ఎస్.పి.ఎస్.ఎ. అట్ట టార్గెట్ వెడల్పే పద్ధెనిమిది అంగుళాలు! దూరపు పలకలు కొట్టి జూమ్ తగ్గించడం మరిచిపోయిన షూటర్ గోడ మలుపు తిరిగి రైఫిల్ ఎత్తితే స్కోపు నిండా గోధుమరంగు తప్ప ఇంకేం ఉండదు. అంచు కనిపించదు, పక్కనున్న నో-షూట్, అంటే కాల్చకూడని అట్ట, కనిపించదు, ఏ-జోన్ ఎటుందో తెలియదు. రేంజ్ ఆఫీసర్ వెనక నిలబడి చూస్తే ఆ మనిషి భుజాలు ఒక్క క్షణం బిగుసుకుపోవడం తెలుస్తుంది, తర్వాత ఎడమ చెయ్యి జూమ్ రింగు కోసం తడుముకుంటుంది. టైమర్ ఆగదు కదా. పదింతల మీద మరిచిపోతే కనిపించేది పది అంగుళాలే.

అందుకే దుకాణంలో స్కోపు చేతికి తీసుకున్నవాడు ముందు చూడాల్సింది 1 దగ్గర. రెండు కళ్లూ తెరిచి చూడాలి. స్కోపులో కనిపించే గుమ్మం, రెండో కంటికి కనిపించే గుమ్మం ఒకే సైజులో అతుక్కుంటే అది నిజమైన ఒకటి. కొన్నింటిలో 1 అని రాసి ఉన్నా లోపలి బొమ్మ కొంచెం పెద్దగా, అంచుల్లో వంపుగా కనిపిస్తుంది. అలాంటిదానితో పరిగెత్తేవాడికి రెండు కళ్ల చూపూ కలవక తల తిరుగుతుంది. స్కోపు నడుమ వెలిగే ఎర్ర చుక్క మధ్యాహ్నపు ఎండలో కూడా ఎర్రగానే ఉందా అన్నది రెండో పరీక్ష. ట్యూబులైట్ కింద అన్ని చుక్కలూ మెరుస్తాయి. టెక్సస్ జూలై ఎండలో సగం చుక్కలు మాయమై నల్ల గీత మిగులుతుంది, నీడలో ఉన్న అట్ట మీద ఆ నల్ల గీత వెతుక్కోవాలి. దుకాణంవాణ్ని అడిగి గుమ్మం బయటికి తెచ్చి చూడు. ఒప్పుకోకపోతే ఇంకో దుకాణం.

ఈ స్కోపుల చరిత్ర కూడా ఆ 1 మాటే చెబుతుంది. జర్మనీ ష్మిట్ అండ్ బెండర్ వాళ్ల షార్ట్ డాట్ 1.1-4 సైనికుల కోసం పుట్టింది. పోటీ షూటర్లు ఎగబడి కొన్న ఆస్ట్రియా స్వరోవ్‌స్కీ జెడ్6ఐ 1-6 వేటగాళ్ల స్కోపు. యూరప్‌లో అడవిపందుల్ని తరిమి కొట్టే వేటలో, పొదల్లోంచి దగ్గర్లో దూసుకొచ్చే జంతువు మీద గురి పెట్టడానికి అలాంటివి వాడతారు. కాలెస్ వాళ్లు కె18ఐ 1-8లో త్రీ-గన్ కోసమే ప్రత్యేకంగా 3జిఆర్ రెటికల్, అంటే గురి గీతలు, గీయించారు. 1999లో రివాల్వర్‌తో ఒక్క సెకనులో ఎనిమిది గుళ్లు పేల్చిన లూసియానా మనిషి జెర్రీ మిక్యులెక్, వోర్టెక్స్‌తో కలిసి జె.ఎం.-1 రెటికల్ తయారుచేయించుకున్నది ఆ రేజర్ 1-6 లోనే. నడుమ చుక్క, కింద కొన్ని గీతలు, అంతే. సెకను విలువ అంతగా తెలిసిన మనిషికి ఆరింతలు సరిపోయాయి.

300 గజాల పలక సంగతేమిటి అంటావు. పది అంగుళాల పలక ఆరింతల్లో ఏబై గజాల దూరంలో ఉన్నట్టు కనిపిస్తుంది. ఎన్.సి.సి.లో .22 రైఫిల్ పట్టిన కుర్రాడికైనా ఆ సైజు గురి కొత్త కాదు. పెద్దగా కనిపిస్తేనే తగులుతుందన్న నమ్మకం ఎలా పాతుకుపోయిందో గానీ, మన హైదరాబాదు గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచిన 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో టెలిస్కోపు నిషిద్ధం. పది పాయింట్ల చుక్క అర మిల్లీమీటరు. ఆ చుక్క ఎవరికీ కనిపించదు, కనిపించే 30.5 మిల్లీమీటర్ల నల్ల వృత్తాన్ని సైటు వలయం మధ్యకు తెచ్చుకుని కాలుస్తారు.

జూమ్ పెరిగే కొద్దీ ఇంకో ఇబ్బంది మొదలవుతుంది, దాని గురించి ప్రకటనల్లో రాయరు. ముందు అద్దం వ్యాసాన్ని జూమ్‌తో భాగిస్తే కంటికి చేరే వెలుగు స్తంభం మందం వస్తుంది. 24 మిల్లీమీటర్ల అద్దానికి ఆరింతల మీద 4 మిల్లీమీటర్లు, పదింతల మీద 2.4. పట్టపగలు వెలుగుకి లోటుండదు, సమస్య కన్ను నిలిపే చోటుది. బెంచి మీద కూర్చున్నవాడికి 2.4 చాలు. ముప్పై గజాలు పరిగెత్తి, రొప్పుతూ, ఏటవాలు చెక్క పైకప్పు మీద బోర్లా పడుకుని, ఎడమ మోచెయ్యి జారిపోతుంటే గురిపెట్టేవాడికి కన్ను కాస్త కదలగానే స్కోపులో నెలవంకలాంటి నల్ల మచ్చ పడుతుంది. సర్దుకుంటే ఇంకో వైపు పడుతుంది. దీనికి తోడు టెక్సస్ ఆగస్టు ఎండమావులు. పలకను పదింతలు చేసే స్కోపు ఎండమావిని కూడా పదింతలు చేసి, పలకను నీళ్లలో వణికినట్టు చూపిస్తుంది. 1-10 ఉన్నవాళ్లు చాలామంది అలాంటి వేళ ఆరుకో ఏడుకో తగ్గించుకునే కాలుస్తారు.

1-10 వద్దనడానికి బరువు సాకు మాత్రం చెప్పకు. రేజర్ జెన్-3 1-10, తేలిక చేసిన జెన్-2-ఈ 1-6, రెండూ ఇరవై ఒకటిన్నర ఔన్సులే. తేడా రెటికల్‌లో ఉంది. ఆ 1-10లో గీతలు జూమ్‌తో పాటు పెరుగుతాయి, తరుగుతాయి. ఏ జూమ్ మీదైనా కొలత నిజమే, కానీ 1 మీద గీతలు వెంట్రుకల్లా సన్నబడి వెలిగే చుక్కే దిక్కవుతుంది. 1-6లో గీతల సైజు మారదు కాబట్టి కింది గీతల కొలత పూర్తి ఆరు మీదే నిజం. 200 గజాలకు జీరో చేసిన, అంటే అక్కడ సూటిగా తగిలేట్టు సరిచేసిన, .223 తూటా 400 దగ్గర సుమారు రెండడుగులు కిందికి దిగుతుంది. 400 గజాల గీతను ఆరు మీద పెడితే పలక మోగుతుంది. అదే గీతను మూడు మీద పెట్టి కాలిస్తే కొలత రెట్టింపై తూటా రెండడుగులు పైనుంచి పోతుంది. గాలి వల్ల తప్పిందేమో అనుకుని షూటర్ పక్కకి జరుపుతాడు, అదీ పోతుంది. కాబట్టి ఈ స్కోపులో రెండే స్థానాలు ఉన్నాయనుకో: ఈ కొస ఒకటి, ఆ కొస ఆరు. జూమ్ రింగుకి పొడవాటి త్రో లివర్ బిగించుకుంటే చూడకుండానే ఈ కొస నుంచి ఆ కొసకి తిప్పవచ్చు.

మరి ఎక్కువ జూమ్ ఎవరికి? న్యూమెక్సికోలో రటోన్ దగ్గరి విటింగ్టన్ సెంటర్‌లాంటి కొండ నేలల్లో 500 గజాలు దాటే పలకలు గడ్డిలో, రాళ్ల మధ్య కలిసిపోయి ఉంటాయి. అక్కడ తగలడం కంటే వెతకడం కష్టం. అలాంటి మ్యాచ్‌లు తరచుగా ఆడేవాళ్లకి 1-8 పనికొస్తుంది, పెదనాన్న వయసు కళ్లకి కూడా. నీ వయసు కళ్లకి, నీ ఊరి క్లబ్బుకి అక్కర్లేదు. 3-9, 2-10 లాంటి వేట స్కోపులు చవగ్గా వస్తున్నాయని చూడొద్దు, వాటిలో 1 లేదు. 1-4 సెకండ్‌హ్యాండ్‌లో మంచిది దొరికితే మొదటి ఏడాదికి అదే చాలు, మిగిలిన డబ్బు తూటాలకి.

కొనేముందు రూల్‌బుక్ చదువు. యు.ఎస్.పి.ఎస్.ఎ. లెక్కన లిమిటెడ్ డివిజన్లో రైఫిల్ మీద జూమ్ లేని డాట్ మాత్రమే, టాక్టికల్‌లో ఒక్క స్కోపు, ఓపెన్‌లో ఎన్నైనా. స్కోపు పక్కన 45 డిగ్రీల్లో రెడ్ డాట్ బిగించుకుందామని సరదాపడితే, ఖరీదైన సామాను దింపిన ఓపెన్ షూటర్ల మధ్యకి పోయి పడతావు. నిర్వాహకుల్ని బట్టి ఇవి మారతాయి కూడా.

స్కోపుని బిగించేటప్పుడు జూమ్ పూర్తిగా పెంచి బిగించు, కన్ను నిలిపే చోటు అన్నిటికంటే ఇరుకుగా ఉండేది అక్కడే. కళ్లు మూసుకుని రైఫిల్ భుజానికెత్తి తెరిస్తే బొమ్మ నిండుగా కనిపించాలి. నిలబడి ఒకసారి, పడుకుని ఒకసారి చూసుకో. రెండూ కుదరకపోతే నిలబడ్డప్పుడు కుదిరే చోటే ఖాయం చెయ్యి. స్కోపు తుపాకీ గొట్టానికి పైన ఉంటుంది కనక ఏడు గజాల్లో తూటా రెండంగుళాల పైచిలుకు కిందికి తగులుతుంది, నో-షూట్ పక్కన ఉన్న అట్ట తల మీద గురిపెట్టే రోజు అది గుర్తుండాలి.

వచ్చే నెల మ్యాచ్‌లో పెదనాన్న స్క్వాడ్‌లోనే పేరు రాయించుకో. నీ వంతు కానప్పుడు సేఫ్ ఏరియా బయట ఎవరి రైఫిలూ ముట్టుకోకు. మ్యాచ్ అయ్యాక అడిగితే రెండు మూడు రకాల స్కోపుల్లోంచి చూడనిస్తారు. అప్పటిదాకా కార్డు గీకకు.

ఇంకొకటి. సంక్రాంతికి ఇంటికి వెళ్తున్నావటగా, మీ నాన్నకి చూపించాలని స్కోపు పెట్టెలో పెట్టుకోకు. రైఫిల్ స్కోపులు అమెరికా ఎగుమతి నిబంధనల కిందికి వస్తాయి. రేంజికి మోసే బ్యాగును విమానానికి అసలు వాడకు. జేబు మూలలో మరిచిపోయిన ఒక్క .223 తూటా శంషాబాద్ ఎయిర్‌పోర్టు స్కానర్లో కనిపిస్తే ఆయుధాల చట్టం కింద కేసు పెడతారు, పండగంతా పోలీస్ స్టేషన్ చుట్టూ తిరగాల్సి వస్తుంది.

ఇట్లు,
మీ పెదనాన్న