హైవే దిగితే మగ్గాల ఊరు

అక్కలూ, చెల్లెళ్ళూ, ఈసారి వంటల ముచ్చట పక్కన పెడదాం. ఒక్క మాట చెప్పండి. దిల్‌సుఖ్‌నగర్ దుకాణాల్లో పోచంపల్లి పట్టు చీర భుజాన వేసుకుని, అద్దంలో అటూ ఇటూ తిరిగి చూసుకుని, ధర వినగానే మెల్లగా మడత పెట్టించిన వాళ్ళం మనలో ఎంతమందిమి! మరి ఆ చీర నేసే ఊరు చూసిందెవరు? ఎల్బీనగర్ నుంచి 40 కిలోమీటర్ల లోపే. విజయవాడ హైవే మీద కొంత దూరం పోయి ఎడమకు తిరగడమే.

పిల్లలు లండన్‌లో ఉన్న అమ్మలు మన కాలనీల్లో ఇప్పుడు తక్కువేం లేరు. పోయొచ్చాక ఫోన్ తీసి ఫొటోలు చూపిస్తారు. ఇంగ్లండులో బైబరీ అని ఒక పల్లె. రాతి గోడలు, ఏటవాలు కప్పులు, పక్కన చిన్న ఏరు. ఆ ఇళ్ళ వరుసను ఆర్లింగ్టన్ రో అంటారు. పద్నాలుగో శతాబ్దంలో ఉన్ని దాచుకోవడానికి కట్టారు, పదిహేడో శతాబ్దంలో నేతగాళ్ళకు ఇళ్ళుగా మార్చారు. ఈ సంగతి విన్నప్పుడు నేను కుర్చీలో ముందుకు జరిగాను. అంటే మనవాళ్ళు విమానమెక్కి పోయి, వీసాకు లైన్లో నిలబడి, చూసొచ్చింది సాలెవాళ్ళ వాడనన్నమాట! ఇప్పుడక్కడ నేత లేదు, ఇళ్ళు మిగిలాయి. వాటిని నేషనల్ ట్రస్ట్ అనే సంస్థ కాపాడుతోంది. 1895లో ఆ సంస్థను పెట్టిన ముగ్గురిలో ఆక్టేవియా హిల్ అనే ఆవిడ ఒకరు. మన దగ్గర కథ అటుదిటు. మగ్గాలు ఇంకా ఆడుతున్నాయి, పాత పెంకుటిళ్ళే ఒక్కొక్కటీ కూలిపోయి స్లాబులు లేస్తున్నాయి. రెండిట్లో ఏది ముందు చూడాలంటే మాత్రం నేను మగ్గాన్నే అంటాను.

పోచంపల్లి పనిలో చిత్రమేమిటంటే, బట్ట నేశాక రంగు వెయ్యరు. నెయ్యకముందే నూలుకో, పట్టుకో రంగు పడాలి. ఏ పోగులో ఏ చోట ఎరుపు రావాలో, ఎక్కడ తెలుపు మిగలాలో ముందే లెక్క. తెల్లగా ఉండాల్సిన చోట సైకిల్ ట్యూబు రబ్బరు ముక్కలతో బిగించి కట్టి రంగులో ముంచుతారు. ఇదే చిటికి కట్టడం. మళ్ళీ విప్పి, ఇంకో చోట కట్టి, ఇంకో రంగు. ఇంత చేశాక మగ్గం మీద పడుగూ పేకా సరిగ్గా కలిస్తేనే ఏనుగు ఏనుగులా, చిలక చిలకలా కనిపిస్తుంది. పోగు కాస్త జరుగుతుంది కాబట్టి డిజైను అంచులు కొంచెం అలుక్కున్నట్టే ఉంటాయి. అసలు చీరకు అదే గుర్తు. ఇంకో గుర్తు చెప్తాను, ఫుట్‌పాత్ మీద ‘పోచంపల్లి, పోచంపల్లి’ అని అరుస్తుంటే చీర వెనక్కి తిప్పి చూడండి. రెండు వైపులా రంగు ఒకే తీరుగా ఉంటే సరే. వెనక వెలిసినట్టుంటే అది అచ్చు వేసింది, దాని ధర దానికే.

వీటన్నిటికంటే నేను మిమ్మల్ని చూడమనేది ఆసు. చిటికి కట్టేముందు పేక దారాన్ని అర్ధచంద్రాకారంలో ఉన్న మేకుల చుట్టూ పోస్తారు. ఒక చీరకు చెయ్యి వేలసార్లు అటూ ఇటూ పోవాలి. మగ్గం దగ్గర మగవాళ్ళ పేరే వినిపిస్తుంది గానీ, ఈ ఆసు పోసింది తరతరాలుగా ఆడవాళ్ళే. వంటా వార్పూ చేసుకుని, పిల్లలను నిద్రపుచ్చి, అప్పుడు ఆసు ముందు కూర్చునేవారు. భుజాలు పడిపోయేవి. ఆలేరు దగ్గరి చింతకింది మల్లేశం వాళ్ళమ్మ లక్ష్మికి ఆ నొప్పి భరించలేనిదైంది. చదువు పెద్దగా లేని ఆ కొడుకు ఏళ్ళ తరబడి తంటాలు పడి ఆసు యంత్రం చేశాడు, అమ్మ పేరే పెట్టాడు. 2017లో పద్మశ్రీ వచ్చింది, 2019లో ఆయన మీద సినిమా వచ్చింది. ఆ సినిమా చూసి ఏడ్చిన మనం ఆ మేకుల చట్రాన్ని ఒక్కసారైనా దగ్గర్నుంచి చూడొద్దా?

ఊరికి భూదాన్ పోచంపల్లి అనే పేరెలా వచ్చిందో బడిలో చదువుకున్నాం. 1951 ఏప్రిల్ 18న వినోబా భావే ఊళ్ళోకొస్తే దళితులు 80 ఎకరాలు అడిగారు, వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలిస్తానన్నారు. అక్కడి నుంచి భూదానం అడుగుతూ వినోబా నడక దేశమంతా సాగింది. 2021లో ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ ఉత్తమ పర్యాటక గ్రామాల్లో ఈ ఊరినీ చేర్చింది. వినోబా మందిరం, నూటొక్క దర్వాజల ఇల్లు కూడా ఉన్నాయి, తీరిక ఉంటే చూడండి.

మర్యాద సంగతి కాస్త గట్టిగానే చెప్తాను. అది మ్యూజియం కాదు, ఒకరి ఇల్లు. గడప బయట ఆగి, ‘అక్కా, జర మగ్గం చూడొచ్చా?’ అని అడగండి. ఫొటో తీసేముందు ఇంకోసారి అడగండి. రంగు ఆరబెట్టిన దారాన్ని ముట్టుకోకండి. బేరమా? ఫుట్‌పాత్ మీద ఐదొందలంటే రెండొందలకు అడగడం మన జన్మహక్కు, కాదనను. కానీ ఇంటిల్లిపాది చెయ్యి పడ్డ చీర ముందు కూర్చుని సగానికి అడగడానికి నోరెట్లా వస్తుంది? కొనలేకపోతే చాయ్ తాగి వచ్చెయ్యండి, తప్పేం లేదు.

ఇదివరకు ఇలా ఊళ్ళు తిరగడం మన చేతిలో ఉండేది కాదు. ఆయన కారు తీస్తేనే ప్రయాణం, ఆయన కారు తీస్తే ఫిల్మ్ సిటీయో, హైవే మీద బిర్యానీయో. 2023 డిసెంబరు 9 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మన ఆడవాళ్ళకు టికెట్ డబ్బులు లేవు. దాన్ని ఎవరేమన్నా అననీ, నలుగురు ఆడవాళ్ళు కూడబలుక్కుని పొద్దున్నే బయల్దేరడానికి ఎవరి ముందూ చెయ్యి చాచక్కర్లేకుండా పోయింది. నాకు అది చాలు.

అంత దూరం వద్దనుకుంటే దారిలోనే హయత్‌నగర్‌లో దిగండి. రోజూ బస్సులో దాటిపోతాం గానీ తల తిప్పం. అక్కడి పాత మసీదుకు హయాత్ బక్షీ బేగం పేరే. నగరం కట్టించిన మహమ్మద్ కులీ కూతురు, ఒక సుల్తాను భార్య, ఇంకో సుల్తాను తల్లి. బాటసారుల కోసం చుట్టూ గదులు, దగ్గర్లో ఓ పెద్ద బావి. ఇంకా బద్ధకమా? మన మెట్రోలోనే విక్టోరియా మెమోరియల్ స్టేషనుంది కదా, ఆ పేరు ఆరో నిజాం కాలం నాటి భవనానిది, ఇంగ్లండు రాణి జ్ఞాపకంగా అనాథ పిల్లలకు ఇచ్చింది. మూసారాంబాగ్ దగ్గర గుట్ట మీద 1798లో చనిపోయిన ఫ్రెంచి సేనాని రేమండ్ సమాధి సరేసరి.

నాకు మాత్రం ఈసారి పుట్టపాక పోవాలనుంది. చౌటుప్పల్ దాటి సంస్థాన్ నారాయణపురం వైపు. తేలియా రుమాలు నేసే ఊరు. దారాన్ని నూనెలో, ఆముదం కాయల బూడిదలో నానబెట్టి, ఎరుపూ నలుపూ తెలుపుల్లో నేస్తారు. ఒకప్పుడు చీరాల నుంచి అరబ్బు దేశాలకు తలగుడ్డలుగా పోయిన రకం అది. వస్తామన్న వాళ్ళు ఇప్పుడే చెప్పండి. పులిహోర నాది, పెరుగన్నం మీది. ఆధార్ కార్డు మాత్రం ఎవరిది వాళ్ళే తెచ్చుకోండి, మరిచి వచ్చిన వాళ్ళ టికెట్ డబ్బులు నేను పెట్టను.