ఇంటిపని నేర్పిన పాఠాలు

కొత్తగా కాపురం పెట్టే పిల్లలకు నేను చెప్పే మాటలివి.

1. ఇంటిపనిలో సగం కంటికి కనబడదు. రేపు పొద్దున ఇడ్లీ కావాలంటే ఇవాళ మధ్యాహ్నమే మినప్పప్పు నానబోయాలి. సాయంత్రం రుబ్బి, రవ్వ కడిగి పిండి కలపాలి. రాత్రంతా పులియాలి. చలికాలమైతే గిన్నెను వెచ్చని చోట పెట్టాలి. తినేవాళ్లకు కనిపించేది పళ్లెంలో ఇడ్లీలే. గ్యాస్ బండ ఎప్పుడు అయిపోతుందో, కందిపప్పు ఎంతుందో, పిల్లాడి యూనిఫాం ఆరిందో లేదో గుర్తుపెట్టుకోవడం కూడా పనే.

2. ఏ పనైనా మొదలు నుంచి చివరిదాకా మీదేసుకోండి. బట్టల పని అంటే మెషీన్‌లో వేసి స్విచ్చి నొక్కడంతో అయిపోదు. ఆరేయాలి, వాన చినుకు పడకముందే తీయాలి, మడతపెట్టి బీరువాలో సర్దాలి. ఎవరో ఒకరు వెనకనుంచి గుర్తుచేస్తూ ఉండాల్సి వస్తే భారం దిగనట్టే.

3. యంత్రాలు వచ్చినంత మాత్రాన పని పంచినట్టు కాదు. రుబ్బురోలు, కట్టెలపొయ్యి పోవడం ఆడవాళ్ల ఒంటికి నిజంగా మేలు చేసింది. అయినా 2024లో కేంద్రప్రభుత్వం చేసిన సమయ వినియోగ సర్వే చూడండి. జీతంలేని ఇంటిపని చేసేవాళ్లలో ఆడవాళ్లు దానికి రోజుకు సగటున 289 నిమిషాలు, మగవాళ్లు 88 నిమిషాలు వెచ్చిస్తున్నారు.

4. మనిషి ఉండగానే ఆ శ్రమను గుర్తించండి. రోడ్డు ప్రమాదంలో చనిపోయిన గృహిణి శ్రమకూ ఆదాయం లెక్కగట్టి పరిహారం ఇవ్వాలని 2021లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. జస్టిస్ ఎన్.వి. రమణ ఆ పని విలువను అందులో వివరంగా రాశారు. ఇంట్లో ఆ గుర్తింపునకు కోర్టు అక్కర్లేదు.

5. కొడుక్కీ కూతురికీ ఒకే తీరున నేర్పండి. తిన్న కంచం కడగడంతో మొదలుపెట్టి, పదోతరగతికి వచ్చేసరికి అన్నం, పప్పు, ఒక కూర వండగలగాలి. తన తిండి తాను వండుకోలేనివాడి చదువు పూర్తయినట్టు కాదు.

6. పనిలో పడి మిమ్మల్ని మీరు మరిచిపోకండి. పి. సత్యవతి గారి ‘ఇల్లలకగానే’ కథలో ఇల్లాలు ఇల్లు అలుకుతూ తన పేరే మరిచిపోతుంది. ఇల్లు అద్దంలా లేకపోయినా ఫరవాలేదు, పుస్తకం చదువుకునే గంట మాత్రం మిగుల్చుకోండి.

ఇంట్లో తినే ప్రతివాళ్లకూ ఇంటిపనిలో వాటా ఉంది. ఈ ఆదివారమే అందరూ కూర్చుని ఎవరి పని ఏదో తేల్చుకోండి. ఆదివారం సెలవు ఇల్లాలికీ ఉండాలి.