నియమాహారము - పోషణ

ఆహారనియమములు గల గృహమునందు ఏమి విడువవలెనో అందరికిని తెలియును. విడిచినదానికి బదులేమి గ్రహింపవలెనో తెలియుటయు అంతే అవసరము.

మాంసకృత్తులకు పప్పుధాన్యములు ఆధారము. బియ్యము, గోధుమలలో లైసిను తక్కువ. పప్పులలో అది సమృద్ధి. కావుననే పులగము, ఇడ్లీ పుష్టికరములు. క్యారెట్టు మొదలగు దుంపలు వర్జించువారికి 'ఏ' విటమిను మునగాకు, బొప్పాయి, గుమ్మడికాయల వలన లభించును. పప్పు, ఆకుకూరలలోని ఇనుము వంటబట్టుటకు నిమ్మరసము తోడ్పడును. భోజనముతో త్రాగు కాఫీ, టీలు అడ్డుపడును.

1948లో వేరుపరచబడిన బి12 విటమిను మాత్రము ధాన్యములలోను, పప్పులలోను, కూరలలోను దొరకదు. శాకాహారులకు పాలు, పెరుగులే దానికి ఆధారము. పెద్దలకు దినమునకు 2 మైక్రోగ్రాములకు పైగా కావలెను. గ్లాసెడు పాలలో సుమారు 1 మైక్రోగ్రాము ఉండును. కాలేయమున నిలువ యుండుటచే లోపము ఏండ్లతరబడి బయటపడకపోవచ్చును. తరువాత రక్తహీనత, కాలుసేతుల తిమ్మిరి, మరపు కలుగును. ఉపేక్షించినచో నరములకు కలిగిన హాని పూర్తిగా మానకపోవచ్చును.

కావున వృద్ధులు, గర్భిణులు, పాలు మానినవారు రక్తపరీక్ష చేయించుకొని, వైద్యుని సలహాపై మాత్రలు వాడుట మంచిది. కొన్ని గొట్టపు మాత్రల పైతొడుగు జంతుసంబంధమగు జెలటినుతో చేయబడును. అది లేనివియు దొరకును. కొనునపుడు చూచుకొనవలెను.