వాపు తగ్గింది, పనికి పోవచ్చునా?

మొన్న తొమ్మిదో తరగతిలో కీళ్ళ పాఠం చెబుతూ సంధి బంధనాల దగ్గరికి వచ్చేసరికి వెనుక బెంచీలోని ఒక పిల్లవాడు లేచి నిలబడ్డాడు. "సార్, మా అన్న బండల పాలిష్ ఫ్యాక్టరీలో పని చేస్తాడు. ట్రాక్టరు నుండి బండ దించుతా కాలు బెణికించుకున్నాడు. ఈ పొద్దుకు ఆరు దినాలు. వాపు దిగింది, నొప్పి లేదంటాండాడు. సోమవారం పనికి పోవచ్చునా సార్?"

బేతంచెర్ల, ఎర్రగుంట్ల ప్రాంతాల్లో నాపరాతి బండల మీద బతికే కుటుంబాలు చాలా ఉన్నాయి. పనికి పోని రోజున కూలి లేదు. కాబట్టి ఆ ప్రశ్నకు "విశ్రాంతి తీసుకోమను" అని ఒక్క మాటలో జవాబు చెప్పి కూర్చోబెట్టడం నాకు సబబు అనిపించలేదు. అసలు చీలమండ లోపల ఏం జరిగిందో చూద్దాం.

చీలమండకు బయటివైపున మూడు సంధి బంధనాలు ఉంటాయి. బహిర్జంఘిక అనే ఎముకను పాదం ఎముకలతో కలిపి ఉంచే గట్టి పట్టీలు అవి. పాదం లోపలికి మడత పడినప్పుడు ఈ పట్టీలలోని పోగులు సాగుతాయి, కొన్ని తెగుతాయి. అదే బెణుకు. తెగిన చోట సన్నని రక్తనాళాలు చిట్లి రక్తం చేరుతుంది. తెల్ల రక్తకణాలు వచ్చి పాడైన కణాలను శుభ్రం చేస్తాయి. ఆ హడావుడే మనకు వాపుగా, వేడిగా, నొప్పిగా తెలుస్తుంది. మొదటి రెండు మూడు రోజులు నూనె రాసి గట్టిగా మర్దన చేస్తే లోపలి రక్తస్రావం పెరుగుతుంది. మన ఊళ్ళలో మొదట చేసే పని మాత్రం అదే!

నాలుగైదు రోజులకు హడావుడి సద్దుమణిగి నొప్పి తగ్గుతుంది. అయితే మరమ్మతు అప్పుడే మొదలవుతుంది. కొన్ని ప్రత్యేక కణాలు కొల్లాజెన్ అనే ప్రోటీను పోగులను అల్లడం ప్రారంభిస్తాయి. మొదట వచ్చే పోగులు సన్ననివి, అడ్డదిడ్డంగా ఉంటాయి. అవి వరుసలో సర్దుకుని గట్టిపడటానికి వారాలు, నెలలు పడుతుంది. చిన్న బెణుకు ఒకటి నుండి మూడు వారాల్లో నయమవుతుంది. పోగులు సగం తెగితే నెల దాటవచ్చు. అంటే ఆరో రోజున నొప్పి లేని కాలు గట్టి కాలు కాదు.

తెగిన గాయం సంగతి కూడా ఇంతే. కుట్లు వేసిన చర్మం వారం రోజులకు చూడటానికి అతుక్కున్నట్లే ఉంటుంది. కానీ అప్పటికి దాని బలం మామూలు చర్మం బలంలో నూటికి మూడు పాళ్ళే. మూడు వారాలకు ఇరవై, ముప్పై పాళ్ళు. మూడు నెలలకు ఎనభై. అరచేతి మీద కుట్లు విప్పిన మరునాడే పార పట్టుకుంటే గాయం ఎందుకు విచ్చుకుంటుందో ఈ లెక్క చెబుతుంది.

ఇక్కడ ఒక మాట. పప్పు తింటే గాయం చీము పడుతుందని ఇళ్ళలో పథ్యం పెడతారు. చీము పట్టించేది సూక్ష్మజీవులు, పప్పు కాదు. కొల్లాజెన్ ప్రోటీను కదా, దానికి ముడిసరుకు పప్పు, గుడ్డు, మన బుడ్డలు. దాన్ని సరిగా అల్లడానికి విటమిన్ సి కూడా కావాలి. అమెరికాలో క్రాండన్ అనే యువ సర్జన్ విటమిన్ సి లేని తిండి నెలల తరబడి తిని, తన వీపు మీదే గాటు పెట్టించుకున్నాడు. మూడు నెలలప్పుడు పెట్టిన గాటు మానింది. ఆరు నెలలప్పుడు పెట్టినది మానలేదు. విటమిన్ సి ఇచ్చాక అదీ మానింది. ఈ ప్రయోగ ఫలితాలు 1940లో అచ్చయ్యాయి. జామకాయ, ఉసిరికాయ మనకు దొరకనివి కావు.

ఇప్పుడు అన్న సంగతికి వద్దాం. రెండడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, అంగుళం మందం ఉన్న నాపబండ బరువు ఎంత? సున్నపురాయి సాంద్రత ఘనసెంటీమీటరుకు సుమారు 2.6 గ్రాములు. మీరే గుణించి చూడండి, దాదాపు 25 కిలోలు వస్తుంది. మనిషి 60 కిలోలు అనుకుంటే, అడుగు వేసిన ప్రతిసారీ 85 కిలోలు ఒక్క కాలి మీద పడతాయి. అదీ ముక్కలు పరచుకున్న ఎగుడుదిగుడు నేల మీద.

మొదట ఎముక విరగలేదని తేలాలి. కెనడాలోని ఒట్టావా వైద్యులు 1992లో ఒక సులువైన నియమం ప్రకటించారు. చీలమండ గుబ్బ ఎముక వెనుక అంచునగాని, కొసనగాని నొక్కితే నొప్పి ఉన్నా, నాలుగు అడుగులు వేయలేకపోయినా ఎక్స్‌రే తీయించాలి. కట్టు కట్టాక వేళ్ళు నీలంగా మారినా, తిమ్మిరెక్కినా వెంటనే వదులు చేయాలి.

ఎముక బాగుంటే కాలినే పరీక్ష పెట్టవచ్చు. నొప్పి మాత్ర వేసుకుని మాత్రం పెట్టకూడదు, అది కాలు చెప్పే మాట వినకుండా చెవులు మూసుకోవడమే. ముందు చదును నేల మీద కుంటకుండా నడవాలి. తరువాత గోడ పక్కన ఆ ఒక్క కాలి మీద అర నిమిషం నిలబడాలి. సంధి బంధనాల్లో పాదం ఏ వంపులో ఉందో మెదడుకు తెలిపే నరాల కొసలు ఉంటాయి. పోగులతోపాటు అవీ దెబ్బతింటాయి. అందుకే బెణికిన కాలు మళ్ళీ మళ్ళీ మెలిక పడుతుంది. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో పరీక్షల రోజులని మాత్రలు మింగి మూడో రోజే బడికి వెళ్ళాను. ఇప్పటికీ రాళ్ళ దారిలో ఆ కాలిని నమ్మను.

నిలబడగలిగితే మెట్లు ఎక్కి దిగాలి, తరువాత సగం బరువు మోయాలి. అసలు జవాబు ఆ పూట రాదు, మరునాటి ఉదయం వస్తుంది. లేచేసరికి వాపుగాని, నొప్పిగాని నిన్నటికంటే పెరిగి ఉంటే నిన్న చేసిన పని ఎక్కువైందని అర్థం. ఒక మెట్టు కిందికి దిగాలి. పెరగకపోతే ఒక మెట్టు పైకి.

సోమవారం ఉదయం ఆ పిల్లవాడు అన్నను గోడ పక్కన నిలబెట్టి గడియారం చూశాడట. బాగున్న కాలి మీద అర నిమిషం దాటి నిలిచాడు. బెణికిన కాలి మీద పదకొండు సెకన్లకే తూలాడు. మేస్త్రీని అడిగితే బండలు లెక్క పెట్టి చీటీ రాసే పని ఇచ్చాడు, కూలి తక్కువే. నాలుగో వారంలో మళ్ళీ ట్రాక్టరు దగ్గర నిలబడ్డాడు. మొదటి రోజు చిన్న బండలే దించాడు.