బావి నుంచి బంకు దాకా

చిక్కడపల్లిలో స్కూటరుకి పెట్రోలు పోయించుకుంటూ మా విద్యార్థి ఒకడు అడిగాడు: "సార్, ఇది ఎక్కణ్ణించి వస్తుంది?" "విశాఖ నుంచోయ్" అన్నాను. ఇంటికొచ్చాక అది సగం జవాబే అనిపించింది.

చమురు తియ్యడం, శుద్ధిచెయ్యడం, చేరవెయ్యడం, అమ్మడం: ఈ నాలుగూ ఒకే సంస్థ చేతిలో ఉంటే అది సమగ్ర చమురు సంస్థ అన్నమాట. 1957లో అమెరికన్ కంపెనీ కాల్టెక్స్ విశాఖలో ఏటా 6.75 లక్షల టన్నుల శక్తిగల శుద్ధి కర్మాగారం నెలకొల్పింది. 1976లో దాన్ని ప్రభుత్వం స్వాధీనం చేసుకుని, 1978లో హిందుస్తాన్ పెట్రోలియంలో విలీనం చేసింది. కర్మాగారం, బంకులు మనవయ్యాయి. చమురు బావులు మాత్రం ఆ సంస్థకు లేవు. 2018లో బావులున్న ఓ.ఎన్.జి.సి. అందులో 51.11 శాతం వాటా కొన్నది. అలా గొలుసు పూర్తయింది, కాగితం మీద! దేశం వాడే ముడిచమురులో నూటికి ఎనభై పాళ్ళు పైగా నేటికీ దిగుమతే.

1997 సెప్టెంబరు 14న ఆ కర్మాగారంలో జరిగిన అగ్నిప్రమాదంలో యాభైమందికి పైగా మరణించారు.

ఆ కుర్రవాడు మళ్ళీ అడిగితే ఇలా చెబుతాను: "పరాయి బావిలోంచి, మనవాళ్ళ చేతులమీదుగా వస్తుంది నాయనా. పొదుపుగా వాడు."