పరంగిమలమీది రాయి

పాఠము: యెహోషువ 4:1–9



ఇశ్రాయేలీయులు యొర్దాను దాటునప్పుడు నది నడుమనుండి పండ్రెండు రాళ్లు మోసికొనివచ్చి నిలువబెట్టిరి. ఈ రాళ్లెందుకని పిల్లలడిగిన దినమున పెద్దలు జవాబు చెప్పవలెను. ఈ పాఠమును నేను ఎన్నిమారులో బోధించితిని గాని, అది నన్నే నిలదీసినది చెన్నైలోని పరంగిమలమీద.

మా షాద్‌నగరు ప్రాంతపు సంఘస్థులము కొందరము కలిసి ఆ గుట్ట ఎక్కితిమి. ఎత్తు సుమారు 300 అడుగులు, తూర్పున సముద్రము. మెట్లు కట్టించినవాడు 18వ శతాబ్దమున నుండిన అర్మీనియా వర్తకుడు పేత్రుస్ ఉస్కాన్. తోమా అపొస్తలుడు ఇచ్చటనే హతసాక్షి యాయెనని పరంపరగా చెప్పుదురు. బైబిలులో ఆ సంగతి లేదు గనుక నేను వాదింపను. అచ్చటి సిలువ రక్తము చెమర్చెననియు అందురు. ఆ మాట జోలికి అసలే పోను.

ఆ సిలువ సంగతి వినుడి. 1547లో పోర్చుగీసువారు గుట్టమీద పాత మందిరపు శిథిలములున్న చోట పునాది త్రవ్వుచుండగా సిలువ చెక్కిన రాయి బయటపడెను. అది ఇంచుమించు 7–9 శతాబ్దముల నాటిదని పండితుల తలంపు. చుట్టును పారసీకుల పహ్లవీ లిపిలో రాత. దానిని ఒక్కొక్కరొక విధముగా చదివిరి. వింక్‌వర్త్ అను పండితుని పాఠము చొప్పున, అఫ్రాస్ అను సిరియా దేశస్థుని కనికరింపుమని ప్రభువును వేడుకొను ప్రార్థన అది. ఆ మందిరపు గోడలు పోయినవి, కప్పు పోయినది. రాయి మాత్రము నేటి గుడి బలిపీఠమువెనుక నిలిచియున్నది.

ఇది చెప్పుచుండగా మాతో వచ్చిన పిల్లవాడొకడు, “అయ్యగారూ, మన పాత గుడి కట్టినోళ్ల పేర్లు ఏడున్నయి?” అని అడిగెను.

నా నోట మాట రాలేదు. మా మట్టిగోడల మందిరమును పడగొట్టించినప్పుడు, దానిని కట్టినవారి పేర్లు చెక్కిన షాబాదు బండను బోరింగు కాడ బట్టలుతుకుటకు బోర్లా వేయించినది నేనే. బండ నున్నగా నున్నదని ఆనాడు సంతోషించితిని కూడ.

ఊరు చేరిన మరునాడే నలుగురు గడ్డపారలతో దానిని లేపిరి. బురద కడుగగా పదునాలుగు పేర్లలో తొమ్మిది కనబడినవి. చదువురాని ముసలమ్మ యొకతె రాతమీద వ్రేలు పెట్టి, “మా అయ్య పేరు ఇందులనే ఉండాలె, సదువుండ్రి అయ్యగారూ” అనెను.

వరుసగా చదివితిని. అయిదవ పేరు అతనిదే.