పుస్తకాల ముందు ప్రమాణం

మాట తేడా వచ్చిందంటే చిత్తూరు వైపు జనం అడిగేది ఒకటే: "కాణిపాకం వచ్చి ప్రమాణం చేస్తావా?" కోనేట్లో మునిగి వరసిద్ధి వినాయకుడి ముందు నిలబడ్డాక అబద్ధం నోరు దాటదని ఇక్కడి నమ్మకం. పెద్ద ఇల్లు వదిలి చిన్న ఇంటికి మారేటప్పుడు మీ పుస్తకాల బీరువా ముందు కూడా అంతే నిజాయతీగా నిలబడాలి.

ఇప్పుడు ఇలా మారుతున్నవాళ్ళు చాలామంది. కాణిపాకం చుట్టుపక్కల పల్లెలో వసారా, గోడగూళ్ళు ఉన్న మిద్దె ఇల్లు వదిలి, పిల్లలకు దగ్గరగా ఉందామని తిరుపతిలోనో బెంగళూరులోనో రెండు గదుల ఫ్లాటుకు వెళ్తున్నారు. మంచాలు, గ్రైండరు, ఇత్తడి సామాను సంగతి ఒక పూటలో తేలిపోతుంది. పుస్తకాల దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆడదు. కారణం ఉంది. సంస్కృతం నేర్చుకుందామని కొన్న వ్యాకరణం, ఇంగ్లీషు బాగుపడాలని తెచ్చిన నిఘంటువు, రిటైరయ్యాక చదువుదామని దాచిన భారతం సంపుటాలు అక్కడే ఉంటాయి. వాటిని ఇచ్చేస్తే ఆ కోరికను కూడా వదులుకున్నట్టు అనిపిస్తుంది.

ముందు కొత్త ఇంటికి టేపు పట్టుకుని వెళ్ళండి. పుస్తకాలకు ఏ గోడ, ఎన్ని అడుగుల అర అన్నది ఇంట్లో అందరూ కూర్చుని తేల్చండి. అడుగు పొడవున్న అరలో మామూలు నవలలు పదిహేను, ఇరవై పడతాయి. ఆ లెక్క కాగితం మీద పెట్టుకున్నాకే పాత బీరువా తలుపు తీయండి. లెక్క లేకుండా మొదలుపెడితే ప్రతి పుస్తకమూ ముఖ్యమైనదే అవుతుంది.

తర్వాత ఒక్కొక్కటీ చేతిలోకి తీసుకుని, పక్కన ఇంట్లోవాళ్ళను కూర్చోబెట్టుకుని, పైకే జవాబు చెప్పండి. "నాయనా, దీన్ని మళ్ళా ఎప్పుడన్నా తెరిచినావా?" అని కూతురు అడుగుతుంది. "చూస్తాంలేమ్మా" అని నోటికి వచ్చేస్తుంది. చూస్తాంలే అన్న ప్రతి పుస్తకమూ వెళ్ళిపోవాల్సిందే. భారతం చదవాలన్న కోరిక నిజమే అనిపిస్తే ఆ సంపుటాలు ఉంచుకోండి. కానీ రేపు పొద్దున్నే ఆదిపర్వం మొదలుపెట్టండి. ఇల్లు మారేలోగా ఎన్ని పేజీలు తిరిగాయో చూస్తే మీ కోరిక ఎంత గట్టిదో మీకే తెలుస్తుంది. అమ్మ చేతిరాత ఉన్న వ్రతకల్పం, గురువుగారు సంతకం చేసి ఇచ్చిన పుస్తకం, మిమ్మల్ని మనిషిని చేసిన ఆ ఒకటీ అరా పుస్తకాలను మాత్రం ఈ ప్రశ్న అడగొద్దు.

ఇప్పుడు అసలు జాగ్రత్త. ఏరేటప్పుడు అన్నిటికంటే ముందు పాత కాగితాల దుకాణానికి పోయేవి అట్టలు ఊడిన బైండు పుస్తకాలు. ఒకప్పుడు మన ఇళ్ళలో వారపత్రికల సీరియళ్ళను వారం వారం చింపి, కుట్టించి దాచుకునేవారు. చూడ్డానికి అవి చిత్తుకాగితాల్లాగే ఉంటాయి. కానీ ఆ సీరియళ్ళలో పుస్తకంగా రానివి ఉన్నాయి. సీరియల్ వెనుక పేజీలో సగం మిగిలిన కథ మరెక్కడా దొరక్కపోవచ్చు. కథకుడు కాళీపట్నం రామారావు గారికి ఈ విలువ తెలుసు. 'కారా మాస్టారు'గా మనందరికీ తెలిసిన ఆయన బడిపంతులుగా పనిచేసి రిటైరయ్యారు. పత్రికల్లో చెల్లాచెదురైన తెలుగు కథలన్నీ ఒక్కచోట ఉండాలని, తన పుస్తకాలతో, తనకు వచ్చిన పురస్కారాల సొమ్ముతో 1997 ఫిబ్రవరి 22న శ్రీకాకుళంలో కథానిలయం తెరిచారు. ఎవరెవరి ఇళ్ళలోనో అటకెక్కిన పాత సంచికలు అక్కడికి చేరి, పరిశోధకులకు ఆధారమయ్యాయి. మీ అటక మీద 1950లు, 60ల నాటి పత్రికలుంటే తూకానికి వేయకముందు అలాంటి చోట ఒక్క ఫోను చేసి అడగండి. తాళపత్రాలు కనిపిస్తే నూనె పూయకండి, ఎండలో పెట్టకండి. తిరుపతిలో ప్రాచ్య పరిశోధన సంస్థ, జాతీయ సంస్కృత విశ్వవిద్యాలయం ఉన్నాయి; తెలిసినవాళ్ళను పిలిచి చూపించండి.

"నా దగ్గరైతే భద్రంగా ఉంటాయి కదా" అనేవాళ్ళకు మన తిరుమల కొండ మీది సంగతే చెప్పాలి. అన్నమయ్య సంకీర్తనల రాగిరేకులు ఆలయంలోని సంకీర్తన భాండాగారంలో శతాబ్దాల పాటు భద్రంగానే ఉన్నాయి. అలా దాచబట్టే నిలిచాయి, నిజమే. కానీ 1922 ప్రాంతంలో వాటిని వెలికి తీసి, చదివి, అచ్చువేశాకే ఆ పాటలు మళ్ళీ జనం గొంతులోకి వచ్చాయి.

ఇక తేలిగ్గా తేల్చేయాల్సినవి: పాత సిలబస్ గైడ్లు, చట్టం మారిపోయిన న్యాయ పుస్తకాలు, కాలం చెల్లిన వైద్యం పుస్తకాలు, చెద పట్టినవి. వీటిని గ్రంథాలయానికి ఇవ్వడం దానం కాదు, మన చెత్త వాళ్ళ నెత్తిన పెట్టడం. నేరుగా తూకానికి వేయండి. చెద పట్టిన పుస్తకం ఒక్కటి పెట్టెలోకి వెళ్ళినా కొత్త ఇంట్లో మిగతావీ పాడవ్వొచ్చు.

బాగున్నవాటికి పాఠకుణ్ణి మీరే వెతకాలి. డీఎస్సీకీ గ్రూప్స్‌కీ చదివే పిల్లలు రోజంతా శాఖా గ్రంథాలయాల్లోనే కూర్చుంటారు. చరిత్ర, ఆర్థికశాస్త్రం, నిఘంటువులు వాళ్ళకు పనికొస్తాయి. పిల్లల కథలు, బొమ్మల పుస్తకాలు ఊళ్ళోని జిల్లా పరిషత్ హైస్కూలుకు ఇవ్వండి. ఎక్కడిచ్చినా ముందు జాబితా రాసి, వాళ్ళకు కావలసినవి వాళ్ళనే టిక్కు పెట్టమనండి. మొత్తం మూటగట్టి గుమ్మంలో దించేసి రాకండి. కవిత్వం, నవలలు మాత్రం మనిషిని చూసి ఇవ్వాలని నా గట్టి అభిప్రాయం. ఫలానా కథ మీకు ఎందుకు నచ్చిందో లోపలి పేజీలో రెండు ముక్కలు రాసి మేనకోడలికి ఇస్తే ఆ పుస్తకం చదువుతుంది.

దూరాన ఉన్నవాళ్ళకు పంపడానికి తపాలా శాఖ 2025 మే 1న జ్ఞాన్ పోస్ట్ మొదలుపెట్టింది. పాఠ్యపుస్తకాలు, సాంస్కృతిక, ఆధ్యాత్మిక గ్రంథాలు 300 గ్రాముల దాకా 20 రూపాయలకు, 5 కిలోల దాకా 100 రూపాయలకు వెళ్తాయి, పన్ను అదనం. ఎవరికి ఏది అని తేలిన వారంలోనే కట్టలు కట్టి పోస్టాఫీసులో ఇచ్చి రండి. అవి గది మూలన ఇంకో నెల ఉంటే మళ్ళీ ఒక్కొక్కటే బీరువాలోకి చేరతాయి.